'లేదా' అనే మాట: జుల్మానా, జైలు, దళితులు

విశాఖపట్నం హార్బరులో కలాసీగా పనిచేసిన మా నాన్నకి కోర్టు అంటే వొకటే జ్ఞాపకం. ఏదో పెట్టీ కేసులో పట్టుకుపోయి నిలబెట్టారు. పేరు పిలిచారు, తప్పు వొప్పుకుంటావా అన్నారు, తలూపాడు, యాభై రూపాయలు జుల్మానా అన్నారు. డబ్బులున్నవాళ్ళు పక్కగదిలో కట్టేసి రసీదు జేబులో పెట్టుకుని టీ తాగటానికి పోయారు. మా నాన్న కట్టలేక రెండు రోజులు లోపల వుండి వొచ్చాడు. వొచ్చేసరికి మేస్త్రీ గ్యాంగులోంచి పేరు తీసేశాడు.

యాభై రూపాయలకి రెండు రోజులు అనే ఆ లెక్క ఎవరు వేశారో యూనివర్సిటీకి వొచ్చి చట్టాలు చదివేదాకా మాకు తెలీదు. 1889లో మద్రాసు ప్రభుత్వం టౌన్ న్యూసెన్సు చట్టం చేసింది. యాభై రూపాయల దాకా జరిమానా, లేదా ఎనిమిది రోజుల దాకా జైలు అని అందులో వుంది. జరిమానా కట్టనివాణ్ణి, ఆ నేరానికున్న గరిష్ఠ జైలు కాలంలో నాలుగో వంతుకి మించి లోపల పెట్టగూడదని 1860 నాటి శిక్షాస్మృతి 65వ సెక్షను. ఎనిమిదిలో నాలుగో వంతు రెండు. లెక్క సరిపోయింది, అన్యాయమేమీ జరగలేదు! చట్టం రాసినవాళ్ళ దృష్టిలో 'లేదా' అనేది మధ్యలో వుండే చిన్న మాట. అటు డబ్బు, ఇటు వొళ్ళు. డబ్బున్నవాడు అటు నుంచి బయటపడతాడు. లేనివాడికి ఆ 'లేదా' వున్నా లేనట్టే.

ఈ వ్యాసంలో మేము చూడబోయేది ఈ మాట చరిత్రనే. దళితుల మీద జరిగే నేరానికి చట్టం ఎంత వెల కట్టింది, ఆ వెలని ఎప్పుడు ఎవరు మార్పించారు అన్నది మన వుద్యమ చరిత్రలో తగినంతగా రాసుకోలేదని మా అభిప్రాయం. హత్యాకాండల గురించి రాశాం, రాయాల్సిందే. కానీ చెంపదెబ్బకి, బూతుమాటకి, బావి దగ్గర బిందె తన్నినదానికి చట్టంలో ఎంత రాసివుందో చాలామంది కార్యకర్తలకి తెలీదు.

మొదట్లో మనకి 'లేదా' కూడా లేదు. కంపెనీ పాలనలో 1816 నాటి మద్రాసు 11వ రెగ్యులేషను గ్రామాధికారులకి పోలీసు అధికారం ఇచ్చింది. తిట్లు, చిన్న కొట్లాటలు లాంటివాటికి నేరస్తుణ్ణి చావడిలో పన్నెండు గంటల దాకా కూచోబెట్టొచ్చు. నేరస్తుడు 'కింది కులాల' వాడైతే మాత్రం ఆరు గంటల దాకా బొండకొయ్యలో కాళ్ళు బిగించొచ్చు. ఇంత హీనమైన శిక్ష వెయ్యటం అనుచితం కానివాళ్ళకి మాత్రమే అన్న అర్థంలో రెగ్యులేషను రాశారు. అంటే శిక్ష హీనమైందని రాసినవాడికి తెలుసు. హీనం కానివాడు ఎవడో కూడా తెలుసు. మనుధర్మంలో కులాన్నిబట్టి దండన అని మనం చదువుతుంటాం. అది పురాణకాలపు మాట అనుకునేవాళ్ళకి ఈ రెగ్యులేషను చూపించాలి. ఇంగ్లీషులో అచ్చయి, సెక్షను నెంబరు వేసుకుని వుంది.

1860 శిక్షాస్మృతిలో ఈ కులభేదం కాగితం మీద లేదు. పుట్టుకనిబట్టి శిక్ష లేదు, అందరికీ వొకటే సెక్షను. దీన్ని తక్కువ చెయ్యబోము. మన ముందుతరాలు కోర్టు మెట్లెక్కగలిగింది దానివల్లే. అయితే కులం పోయిన చోట డబ్బు వొచ్చి కూర్చుంది. కొట్టి గాయపరిస్తే 323 సెక్షను కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దారికి అడ్డం నిలబడి పోనివ్వకపోతే 341 కింద నెల దాకా, లేదా ఐదువందలు. బలవంతంగా వెట్టి చేయించుకుంటే 374 కింద ఏడాది దాకా, లేదా జరిమానా. పాలేరుని కొట్టిన కామందు ఈ 'లేదా'లోంచి దర్జాగా నడిచిపోయాడు. ఆ వెయ్యి, ఆ ఐదువందలు 1860 నుంచి 2024 జూన్ ఆఖరి దాకా మారలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో గాయానికి పదివేలు, అడ్డగింతకి ఐదువేలు చేశారు. అంకె పెరిగింది, 'లేదా' అక్కడే వుంది.

కూలివాడు తప్పుచేస్తే మాత్రం చట్టం వేరేగా మాట్లాడింది. 1859లో చేసిన కరారు వుల్లంఘన చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకుని పనికి రాని కూలిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టొచ్చు. పనిచెయ్యి, లేదంటే డబ్బు తిరిగివ్వు అంటాడు మేజిస్ట్రేటు. వినకపోతే మూడు నెలల దాకా జైలు. కూలి ఎగ్గొట్టిన యజమానిది మాత్రం సివిలు తగాదా! 1925లో రద్దు చేసేదాకా ఇది నడిచింది. రంగం పోయినవాళ్ళు, తోటలకి పోయినవాళ్ళు ఈ జిల్లానుంచి వేలల్లో వున్నారు కాబట్టి ఇది మన ఇళ్ళల్లో మాట. అప్పు నేరం, కూలి ఎగ్గొట్టటం వ్యవహారం. ఏది క్రిమినలు, ఏది సివిలు అనేది న్యాయశాస్త్రం తేల్చిన విషయం కాదు.

ఇక అంటరానితనం. దాన్ని నేరంగా గుర్తించిన తొలి చట్టాల్లో వొకటి మద్రాసు రాష్ట్రం 1938లో చేసిన పౌర అనర్హతల తొలగింపు చట్టం. ఎం.సి. రాజా తెచ్చిన బిల్లు. విశాఖపట్నం అప్పుడు మద్రాసు కిందే వుంది. మొదటిసారి నేరానికి కొద్దిపాటి జరిమానా, మళ్ళీ చేస్తే ఎక్కువ జరిమానా, ఆరు నెలల దాకా జైలు. రాజ్యాంగం 17వ అధికరణం తర్వాత 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వొచ్చింది. ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదువందల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా కోర్టు అనుమతితో రాజీ పడొచ్చు. నామమాత్రపు జరిమానాలతో కేసులు ముగిసిపోతున్నాయని ఇళయపెరుమాళ్ కమిటీ 1969 నివేదిక నాటికే తేలిపోయింది.

1976 సవరణలో జరిగిన పని మన వుద్యమాలు గుర్తుపెట్టుకోవాలి. చట్టం పేరు పౌరహక్కుల రక్షణ చట్టం అయింది. రాజీ తీసేశారు. అన్నిటికంటే ముఖ్యంగా 'లేదా' తీసేశారు. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, దాంతోపాటు వంద నుంచి ఐదువందల దాకా జరిమానా. రెండూ తప్పవు. డబ్బు కట్టి బయటపడే తలుపు వొకటి మూసుకుంది. కారంచేడు తర్వాత వొచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టమూ ఇదే దారి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ జైలు, దాంతోపాటు జరిమానా. మంచి నడవడి హామీ మీద వొదిలిపెట్టే ప్రొబేషను కూడా వర్తించదని 19వ సెక్షను.

అయితే పౌరహక్కుల చట్టంలో ఆ ఐదువందల హద్దు 1955 నాటిదే. మనల్ని గుడిలోకి రానివ్వనివాడికి మొదటి నేరానికి ఐదువందలకి మించి జరిమానా వెయ్యటానికి ఆ చట్టంలో వీల్లేదు. హెల్మెట్ లేకుండా బీచ్ రోడ్డులో బండి నడిపితే 2019 మోటారు వాహనాల సవరణ ప్రకారం వెయ్యి! గుడి ప్రవేశాన్ని అడ్డుకోవటాన్ని 2015 సవరణ అత్యాచారాల చట్టంలోకి తెచ్చింది కాబట్టి ఇప్పుడు వేరే దారి వుంది, నిజమే. కానీ పాత అంకెని మార్చాలని డెబ్బయ్యేళ్ళుగా ఎవరికీ తోచలేదు.

చట్టంలో మూసిన తలుపుని ఊరు తెరుచుకుంటుంది. కుల పంచాయితీలో 'తప్పు కట్టాడు' అంటే జరిమానా కట్టాడని అర్థం. నేరానికీ దాని వెలకీ మన భాషలో వొకటే మాట. మేము తిరిగిన ఊళ్ళల్లో కేసు పెట్టకుండా పెద్దలు కూచుని తప్పు వేయించిన సంగతులు చాలా విన్నాం. అందులో కొంత దెబ్బతిన్నవాడికి, కొంత రామకోవెలకి. ఆ కోవెలలోకి దెబ్బతిన్నవాడు పోగూడదు. 2021లో సుప్రీంకోర్టు, రామావతార్ కేసులో, కొన్ని పరిస్థితుల్లో అత్యాచారాల చట్టం కేసుని కూడా రాజీ మీద ముగించొచ్చంది. వొత్తిడితో కుదిరిన రాజీ కాదని చూసుకోవాలని షరతు పెట్టింది. కామందు పొలంలో పని లేకపోతే పూట గడవని మనిషి మీద వొత్తిడి లేదని ఎట్లా చూసుకుంటారో మాకు అర్థంకాలేదు.

ఇప్పుడు విశాఖ కోర్టులోనే వొచ్చిన రెండు తీర్పుల దగ్గరికి వొద్దాం.

1996 డిసెంబరు 29న అప్పటి తూర్పుగోదావరి జిల్లా రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకుల్ని హింసించి, అందులో ఇద్దరికి గుండు గీసి కనుబొమ్మలు తీసేశారు. కేసు మధ్యలో మూతపడి, దళిత సంఘాల పోరాటంతో మళ్ళీ తెరుచుకుంది. 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు, శాసనమండలి సభ్యుడు తోట త్రిమూర్తులుకీ మరికొందరికీ పద్ధెనిమిది నెలల జైలు, జరిమానా వేసింది. వాళ్ళు హైకోర్టుకి అప్పీలుకి వెళ్ళారు. ఇరవై ఏడేళ్ళు. వాయిదాకి వొచ్చిన రోజల్లా కూలి పోతుంది, దారిఖర్చు అవుతుంది, సాక్ష్యం చెప్పేవాడికి ఊళ్ళో పని పోతుంది. బాధితుడి మీద పడ్డ ఈ జుల్మానాకి రసీదు కూడా వుండదు. బలవంతంగా గుండు గియ్యటం, మీసాలు తియ్యటం అనే మాటలు అత్యాచారాల చట్టంలోకి పేరుపెట్టి వొచ్చింది 2015 సవరణతో. అప్పటిదాకా 'మానవ గౌరవానికి భంగం కలిగించే అటువంటి చర్య' అనే ముసుగులో వెతుక్కోవాల్సి వొచ్చేది.

రెండోది వాకపల్లి. విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్ళో 2007 ఆగస్టు 20న పోలీసులు తమమీద అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న పోలీసుల్ని నిర్దోషులంది. దర్యాప్తు సరిగ్గా జరగలేదంటూ ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. నేరం చేసినవాడు ఎవడూ తేలలేదు, డబ్బు మాత్రం తేలింది. పదహారేళ్ళు నిలబడ్డ ఆ స్త్రీలు అడిగింది పరిహారం కాదు.

పరిహారానికి మేము వ్యతిరేకం కాదు. 1995 నియమాల్లో కులం పేరుతో అవమానానికి పాతికవేలు వుంటే 2016లో లక్ష అయింది. ఆ డబ్బు పిల్లల ఫీజులకీ ఆస్పత్రికీ ఆదుకున్న ఇళ్ళు మాకు తెలుసు. కానీ అది ప్రభుత్వం ఇచ్చేది, కొట్టినవాడి జేబులోంచి వొచ్చేది కాదు. కొట్టినవాడు కట్టే జరిమానా ఖజానాకి పోతుంది. దాన్ని బాధితుడికి ఇప్పించే అధికారం క్రిమినల్ ప్రొసీజర్ కోడు 357వ సెక్షను కోర్టుకి ఇచ్చింది. ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహిత 395. ప్రతి కేసులోనూ ఈ విషయం ఆలోచించి, ఇవ్వకపోతే కారణం రాయాలని 2013లో అంకుష్ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. మన వకీళ్ళు తీర్పు రోజున అడగాల్సిన మొదటి మాట ఇది. ఇంకొకటి, పౌరహక్కుల చట్టం 10ఏ. నేరంలో కలిసిన, నేరస్తుల్ని దాచిన ఊరివాళ్ళందరి మీదా ప్రభుత్వం సామూహిక జరిమానా వెయ్యొచ్చు. అత్యాచారాల చట్టానికీ ఇది వర్తిస్తుందని 16వ సెక్షను. సాంఘిక బహిష్కరణ వేసిన ఊరికి ఇంతకంటే తగిన సెక్షను లేదు. మేము పోగుచేసిన వినతిపత్రాల్లో, కరపత్రాల్లో దీని పేరు వెతికితే దొరకటం కష్టమైంది.

ఈలోగా చట్టం గాలి ఇంకోవైపు తిరిగింది. జైలు శిక్షల్ని తీసేసి డబ్బుతో సరిపెట్టే జన విశ్వాస్ చట్టాన్ని 2023లో కేంద్రం చేసింది. నలభై రెండు చట్టాల్లో నూట ఎనభై మూడు నిబంధనలు మార్చారు. పర్యావరణ రక్షణ చట్టం వుల్లంఘనకి ఐదేళ్ళ దాకా జైలు వుండేది. 2024 ఏప్రిల్ నుంచి అది పదివేల నుంచి పదిహేను లక్షల దాకా పెనాల్టీ. విధించేది కోర్టు కాదు, అధికారి. ఆ పెనాల్టీ కట్టకపోతేనే జైలు. విశాఖవాళ్ళకి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెంకటాపురం మీద పడి పన్నెండుమంది చచ్చిపోయారు. మర్నాడే యాభై కోట్లు కలెక్టరు దగ్గర జమచెయ్యమని గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశించింది. 1860లో పాలేరుని కొట్టిన కామందుకి దొరికిన తలుపు ఇప్పుడు కంపెనీలకి 'నమ్మకం' పేరుతో తెరుచుకుంటోంది.

పేదవాడికీ వొక మినహాయింపు ఇచ్చారండోయ్. కొత్త న్యాయ సంహితలో చిన్న నేరాలకి 'సమాజ సేవ' అనే శిక్ష పెట్టారు. విశాఖలో తాగి బండి నడిపినవాళ్ళ చేత కోర్టు బీచ్ శుభ్రం చేయించిందని ఆమధ్య పేపర్లో చదివాం. సిగ్గుతో మొహం దాచుకుని చెత్త ఏరారట. ఆ బీచ్‌నే రోజూ తెల్లారకముందే వూడ్చే మా పేట ఆడవాళ్ళు ఏ నేరం చేశారో ఆ వార్తలో రాయలేదు.

వెంకటాయపాలెం యువకులు ఇప్పుడు నడివయసు మనుషులు. జరిమానా సొమ్ములోంచి బాధితుడికి ఇవ్వమని కోర్టు చెప్పినా, అప్పీలు తేలేదాకా ఆ డబ్బు చేతికి రాదని ఆ 357వ సెక్షనులోనే రెండో వుపవిభాగం చెప్తుంది. మా నాన్న యాభై రూపాయల కేసుకి అప్పీలు లేదు. చిన్న జరిమానాలకి అప్పీలు వుండదని కూడా చట్టంలోనే వుంది.