చినుకు దెబ్బా, తడా?

వాన చినుకుతో కరెంటు తీసే ప్రయత్నాల చరిత్రను చాలామంది 1880లో మొదలుపెడతారు. నొక్కితే స్ఫటికంలో విద్యుదావేశం పుడుతుందని క్యూరీ సోదరులు చూపింది అప్పుడే. 1969లో పీవీడీఎఫ్ ప్లాస్టిక్‌లోనూ ఆ గుణం బయటపడింది. 2008లో గ్రెనోబుల్ పరిశోధకులు ఆ ప్లాస్టిక్ పొర మీద చినుకులు పడితే ఎంత వస్తుందో లెక్కగట్టారు. పెద్ద చినుకుకు క్షణికంగా 12 మిల్లీవాట్ల దాకా తేలింది. వరస చక్కగానే ఉంది కానీ, ఈ రంగం ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న దారి ఇది కాదు.

ఇప్పుడు నడుస్తున్న దారికి పెద్దదిక్కు భౌతికశాస్త్రవేత్త కెల్విన్. 1867 నాటి ఆయన పరికరంలో రెండు నీటిధారలు లోహపు వలయాల్లోంచి చినుకులుగా జారి రెండు డబ్బాల్లో పడతాయి. ఎడమ డబ్బాకు కుడి వలయం, కుడి డబ్బాకు ఎడమ వలయం తీగతో కలిపి ఉంటాయి. మొదట ఉన్న ఇసుమంత ఆవేశపు తేడా చినుకు చినుక్కీ పెరిగి చివరికి నిప్పురవ్వ ఎగురుతుంది. ఇక్కడ చినుకు దెబ్బకు పనిలేదు. అది ఆవేశాన్ని మోసుకొస్తుంది, అంతే.

2020లో హాంగ్‌కాంగ్ సిటీ విశ్వవిద్యాలయం బృందం ‘నేచర్‌’లో ప్రకటించిన పరికరాన్ని నేను ఈ వంశంలోనే కలుపుతాను. నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్ జాతి పొర అందులో ఉంది. వేల చినుకులు తాకి తాకి ఆ పొర ఆవేశాన్ని పట్టుకుంటుంది. ఆపైన పడ్డ చినుకు పళ్లెంలా పరుచుకుని, దాని అంచు పక్కనున్న అల్యూమినియం పట్టీని తాకగానే సర్క్యూట్ పూర్తవుతుంది. దెబ్బ లేనిదే చినుకు అంతగా పరుచుకోదు, నిజమే. కెల్విన్‌ది ప్రేరణ, ఇది స్పర్శ. ఆ తేడానూ ఒప్పుకోవాలి. అయినా కరెంటు పారించేది తడి.

15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిన 100 మైక్రోలీటర్ల చినుకు 140 వోల్టులు దాటించి 100 బుల్లి ఎల్‌ఈడీలను వెలిగించింది. చదరపు మీటరుకు 50.1 వాట్లన్నారు. సోలార్ పలకతో పోల్చాలనిపించే అంకె ఇది. కానీ అది రెప్పపాటు శిఖరం. చినుకు శక్తిలో చిక్కింది సగటున 2.2 శాతమే.

అసలు వానలోనే ఎంతుందో చూడండి. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో నేలకు చేరుతుంది. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన పడేచోట, అన్నీ ఆ పరిమాణపు చినుకులే అనుకుంటే, చదరపు మీటరుకు వచ్చేది 21 కిలోజౌళ్లు. అంతా ఒడిసిపట్టినా తొమ్మిది వాట్ల బల్బు 40 నిమిషాలు వెలగదు. మిట్టమధ్యాహ్నపు ఎండ అదే జాగాలో అంత శక్తిని సుమారు 20 సెకన్లలో కుమ్మరిస్తుంది.

2025లో సింగపూర్ పరిశోధకులు 32 సెంటీమీటర్ల సన్నగొట్టంలో నీటి ముక్కల నడుమ గాలి చొప్పించి, నీటి శక్తిలో పది శాతానికి పైగా కరెంటుగా మార్చారు. నాలుగు గొట్టాలు 12 ఎల్‌ఈడీలను 20 సెకన్లు వెలిగించాయి. ఇక్కడ దెబ్బ పాత్ర ఇంకా తగ్గింది: నీటిని ముక్కలు చేయడం వరకే. ఇంటి పైకప్పు మీద ఇది పనికొస్తుందంటే నమ్మలేను. చేలో బ్యాటరీ లేని వాన సెన్సర్‌కి అంటే, నమ్ముతాను.