నీమో సినిమా వచ్చింది, చేపలకు గిరాకీ వచ్చిందా?



సినిమా పేరు పెట్టి చీరలు అమ్ముడు మనకు కొత్త గాదు. హీరో కటింగే కావాలని మంగలి షాపుల కూసున్న పిలగాండ్లు మన ఇండ్లల్లనే ఉన్నరు. అట్లనే సినిమా చూసి జనం రంగు చేపల కోసం ఎగబడ్డరనే కథ ఒకటున్నది. రంగు చేపల పెంపకం గురించి ఎవరన్న చెప్పబోతే ఈ కథ కూడా అందుల కలుస్తది. షెడ్డు వేసి తొట్లు కట్టే ముందు ఆ కథల ఎంత నిజమున్నదో తెలుసుకుంటే మంచిది.

2003 మే నెలల అమెరికాల 'ఫైండింగ్ నీమో' అనే బొమ్మల సినిమా వచ్చింది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే చిన్న చేప నీమో. ఒక పండ్ల డాక్టరు దాన్ని సముద్రంల పట్టి, సిడ్నీల తన క్లినిక్ తొట్టిల వేస్తడు. తండ్రి చేప సముద్రం ఈదుకుంట కొడుకు కోసం పోతది. (అసలు క్లౌన్ చేపల్ల తల్లి చచ్చిపోతే తండ్రే ఆడ చేపగా మారుతది. ఆ ముచ్చట సినిమాల చెప్పలేదు.) తొట్టి అంటే చెర అని చెప్పిన సినిమా అది. కానీ అది చూసిన పిల్లలు అదే చేప కావాలని మారాం చేసిన్రని, సముద్రంల క్లౌన్ చేపలు తగ్గిపోయినయని ప్రపంచమంతా పత్రికలు రాసినయి. దానికి 'నీమో ఎఫెక్ట్' అని పేరు కూడా పెట్టిన్రు.

తర్వాత లెక్క చూసినోళ్లకు వేరే సంగతి కనబడ్డది. 2017ల మిలిట్జ్, ఫోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ మాటలన్నీ జల్లెడ పట్టిన్రు. సినిమా వల్లనే సముద్రంల పట్టుడు పెరిగిందనేటందుకు గట్టి ఆధారాలు దొరకలేదు. ఇంకోటి, క్లౌన్ చేపలకు తొట్టిలనే పిల్లలు చేయించుడు సినిమా రాకముందు నుంచే ఉన్నది. మన దేశంల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా ఆ పద్ధతి తయారు చేసింది.

2016 జూన్‌ల రెండో సినిమా 'ఫైండింగ్ డోరీ' వచ్చింది. డోరీ అంటే నీలం రంగు బ్లూ టాంగ్ చేప. ఈసారి గూడ పరిశోధకులు లెక్క చూసిన్రు. సినిమా వచ్చిన రెండు మూడు వారాలకు గూగుల్‌ల ఆ చేప గురించి వెతికేటోళ్లు పెరిగిన్రు. అమెరికాకు దిగుమతైన చేపల సంఖ్య మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. వెతికినోళ్లంత కొనలేదన్నట్టు. కొనుడు అంత సులువు గూడ గాదు. సముద్రపు చేపకు ఉప్పు నీళ్లు కావాలె, పెద్ద తొట్టి కావాలె, అది ఒక అడుగు దాకా పెరుగుతది. 2016 దాకా దానికి తొట్టిల పిల్లలు పుట్టించుడే ఎవరి వల్ల కాలేదు. ఆ ఏడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు సాధించిన్రు.

అగ్గువకు దొరికే జీవాల సంగతి వేరు. 'నింజా టర్టిల్స్' కార్టూన్లు, 1990ల వచ్చిన సినిమా చూసి విదేశాలల్ల పిల్లలు చెవుల దగ్గర ఎర్ర చారలుండే తాబేళ్లు కొనిపిచ్చుకున్నరు. అవి పళ్లెమంత పెరిగేసరికి చెరువుల వదిలేసిన్రు. 1997ల ఐరోపా సమాఖ్య ఆ తాబేళ్ల దిగుమతే ఆపేసింది. మన దగ్గర హచ్ ఫోన్ యాడ్‌ల పగ్ కుక్కను చూసి ఎంతమంది కొన్నరో గుర్తున్నదా? మన ఎండలకు ఊపిరాడక అవి పడే గోస గూడ చూసినం.

ఇగ తొట్టి అద్దం సాఫ్ చేస్తదని తెచ్చిన సక్కర్ చేప, మనోళ్లు దెయ్యం చేప అనేది, ఏ సినిమాల హీరో గాకుండనే కృష్ణ, గోదావరి దాకా పాకింది. దాని ముండ్లకు బెస్తోళ్ల వలలు చినుగుతున్నయి. తూర్పు కనుమల నీళ్లల్ల అది ఎంత దూరం పోయిందో హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు నీటిలోని డీఎన్ఏతో పట్టుకున్నరు. మన మొయినాబాద్ వాగులు ఈసీల, మూసీల కలిసి హిమాయత్ సాగర్‌కు, గండిపేటకు పోతయి. అందుకే ఈ చేపను మోటల, కుంటల వేసేటోళ్లు కనబడితే ఆపాలె.

మరి మనలాంటోళ్లకు రంగు చేపలల్ల పైసలు లేవా అంటే, ఉన్నయి. కానీ అవి నీమోల, డోరీల లేవు. మంచి నీళ్ల చేపలల్ల ఉన్నయి: గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ, ఏంజెల్, ఫైటర్. చెన్నై కొళత్తూరు చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు వీటి మీదనే బతుకుతున్నయి. అక్కడ ఏ సినిమా ఆడుతున్నదని ఎవరూ చూడరు. 2020ల మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనల పెరటి యూనిట్‌కు 3 లక్షల ఖర్చు లెక్క కట్టి, 40 శాతం సబ్సిడీ పెట్టిన్రు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు 60 శాతం. మిగిలింది మన జేబుల నుంచి, లేకుంటే బ్యాంకు అప్పు నుంచే రావాలె. అప్పు చేసే ముందు హైదరాబాద్‌ల నాలుగు దుకాణాలు తిరిగి, ఏ చేప వారానికి ఎన్ని పోతున్నయి, ఎంతకు కొంటున్నరు, దారిల చచ్చిన చేపలు ఎవరి లెక్కల పడతయి అని అడగుర్రి. కరెంటు పోయిన రాత్రి గాలి మోటరు ఎట్ల నడుస్తదో గూడ ముందే చూసుకోర్రి.