రాత్రి యాకాశమున వింత వెలుగులు



నెల్లూరు సీమలో సముద్రపు టొడ్డున నివసించువారికి ఆకాశము పెద్దది. తూర్పున కొండలేదు, చెట్టులేదు. నీటి యంచునుండియే చుక్కలు పైకి లేచును. తెల్లవారుజామున తెప్పలపై వేటకు పోవు పల్లెకారులు, ఉప్పుమళ్ళయొద్ద కాపున్నవారు, పైరునకు రాత్రి నీరు పెట్టుకొను రైతులు, పట్టణవాసులు చూడని వెలుగుల నెన్నో చూచుచుందురు. ఉదయమున ఆ వార్త రచ్చబండకు వచ్చును. "నింగిలో మంటవంటిది పోయినది, అది యేమి?" యని పెద్దల నడుగుదురు. పెద్దలు చెప్పిన మాటనుబట్టి ఊరు నెమ్మదించుటయో, భయపడుటయో జరుగును. కావున ఇట్టి వార్తలను పూర్వులును, మన కాలపువారును ఎట్లు విచారించిరో ఆ చరిత్రమును నేడు మనవిచేసెదను.

వింత వెలుగులను విచారించుట మనకు కొత్తపని కాదు. ఆఱవ శతాబ్దమునందలి వరాహమిహిరాచార్యుడు తన బృహత్సంహితలో ఉల్కలకై ఒక యధ్యాయమునే కేటాయించి, వానిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని ఐదు తెగలుగా విభజించెను. వాని ఫలములను గూర్చి ఆయన చెప్పినది నేటివారికి సమ్మతము కాకపోవచ్చును. కాని ఆకారమును, గమనమును, ధ్వనిని వేఱువేఱుగా గమనించి తెగలు చేయుట మాత్రము శాస్త్రపద్ధతియే. మన పల్లెలలోను వేగుచుక్క, తోకచుక్క, గొల్లకావడి, పిల్లలకోడి అను పేరులున్నవి. నేలపై చిత్తడిచోట్ల కదలు వెలుగును కొరివిదయ్య మనిరి. చూచినదానికి పేరు పెట్టుట మనుష్యస్వభావము. చిక్కంతయు అందే యున్నది. చూచుట యొకటి, పేరు పెట్టుట మఱొకటి. ఈ రెంటిని కలిపివేసినప్పుడెల్ల పామరులును పొరపడిరి, పండితులును పొరపడిరి.

మొదట పండితుల పొరపాటును చెప్పెదను. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండమందలి విద్వాంసులు పెక్కురు ఆకాశమునుండి రాళ్ళు పడునన్న మాటను నమ్మలేదు. పొలములోనివారు చూచితిమని చెప్పినను అది అవివేకుల కల్పన యనిరి. 1794లో జర్మను దేశీయుడగు క్లాడ్నీ యను శాస్త్రజ్ఞుడు, ఈ వార్తలు అబద్ధములు కావనియు, ఆ రాళ్ళు భూమికి వెలుపలి ప్రదేశమునుండి వచ్చుచున్నవనియు గ్రంథము వ్రాయగా, అనేకులు పరిహసించిరి. నాలుగేండ్లకే, అనగా 1798 డిసెంబరు 19వ తేదీ రాత్రి, మన దేశమున కాశీపట్టణపు ప్రాంతమున గొప్ప అగ్నిగోళము కనబడెను, ఉరుమువంటి మ్రోత వినబడెను, రాళ్ళు పడెను. అందొకటి ఒక కావలివాని గుడిసె కప్పును చీల్చుకొని లోపల పడెను. అచ్చటనుండిన లాయిడ్ విలియమ్సు అను ఆంగ్లేయుడు చూచినవారి నడిగి, వారి మాటలను వ్రాసికొని, రాళ్ళను సేకరించి లండనునకు పంపెను. 1802లో హోవర్డు అను రసాయనజ్ఞుడు ఆ రాళ్ళను ఇతరదేశములలో పడిన రాళ్ళతో కూడ పరీక్షించి, అన్నిటను నికెల్ అను లోహము కలదనియు, అవి ఒకే జాతివనియు తేల్చెను. కావలివాని మాట నిజమయ్యెను. నమ్మని పండితులు తలవంచవలసి వచ్చెను.

మఱుసటియేడు, 1803 ఏప్రిలు 26న, ఫ్రాన్సు దేశమున లేగిల్ అను ఊరిదగ్గఱ సుమారు 3000 రాళ్ళు పడెను. ప్రభుత్వము బియో అను యువశాస్త్రజ్ఞుని విచారణకు పంపెను. ఆయన ఊరూర తిరిగి, ఒకరితో నొకరికి సంబంధములేని సాక్షులను వేఱువేఱుగా ప్రశ్నించెను. వెలుగు కనబడిన దిక్కును, ధ్వని విన్న వేళను, రాళ్ళు పడిన చోట్లను పోల్చిచూచెను. మన పంచాయతీలో పొలముగట్టు తగవును విచారించు పెద్దమనిషి చేయు పనియే ఇది. ఆ నివేదిక తరువాత ఆకాశమునుండి రాళ్ళు పడుట శాస్త్రలోకమున సంశయింపబడలేదు.

నెల్లూరు సీమయు ఈ చరిత్రమున నొక స్థానము నార్జించినది. 1852 జనవరి 23వ తేదీన నెల్లూరు ప్రాంతమున ఒక ఉల్కాశిల పడెను. దాని తూకము సుమారు 30 పౌనులు. ఆంగ్లేయుల పట్టికలలో ఆ స్థలము "యాటూరు" అను పేర నెక్కినది. నేటికిని ప్రపంచ ఉల్కాశిలల జాబితాలో ఆ రాయికి ఆ పేరే నిలిచియున్నది. ఇనుమెక్కువగా గల సాధారణ శిలోల్కల తెగలో దానిని చేర్చిరి. పడిన రాతిని దాచి అప్పగించినవా రుండుటచేతనే మన జిల్లా ఊరి పేరు ప్రపంచశాస్త్రగ్రంథముల కెక్కినది.

వెలుగు ఎంత ఎత్తున నున్నదో చూపునుబట్టి చెప్పుట అసాధ్యము. "తాటిచెట్టంత ఎత్తున పోయినది" అని ఒకరందురు, "మా ఊరి చెఱువులోనే పడినది" అని మఱొకరందురు. 1798లోనే బ్రాండెసు, బెన్జెన్‌బెర్గు అను ఇద్దఱు జర్మను విద్యార్థులు దీనికి ఉపాయము కనిపెట్టిరి. కొన్ని మైళ్ళ దూరమున ఇద్దఱు నిలిచి, ఒకే ఉల్క ఏ యే చుక్కల ప్రక్కగా పోయినదో గుర్తించిరి. ఇద్దఱి చూపుల గీతలు ఎచ్చట కలియునో అచ్చటనే ఉల్క కలదు. మన అమీను ఎక్కలేని కొండ ఎత్తును రెండుచోట్లనుండి కొలుచు పద్ధతియే యిది. ఇట్లు కొలువగా ఉల్కలు సాధారణముగా 80 మొదలు 120 కిలోమీటర్ల ఎత్తున మండునని తెలిసినది. ఆవలి చెఱువులో పడినట్లు తోచినది నిజముగా వంద మైళ్ళ దూరమున సముద్రముపై నుండవచ్చును.

మన సీమకు దగ్గఱనున్న మదరాసులో ఈస్టిండియా కంపెనీవారు 1792లో నుంగంబాకమున నక్షత్రశాల కట్టించిరి. ఆ నక్షత్రశాలయందలి రాతిస్తంభముపై తెనుగులోను శాసనము చెక్కించిరి. 1872 నవంబరు 27వ తేదీ రాత్రి ఐరోపాలో ఉల్కలు వానవలె కురిసెను. 1846లో రెండుగా చీలి, 1852 తరువాత కానరాకపోయిన బీలా తోకచుక్క శకలములే ఆ ఉల్కలని ఊహించి, జర్మనీలోని క్లింకర్‌ఫ్యూసు అను ఖగోళజ్ఞుడు మదరాసు నక్షత్రశాలాధికారియగు పోగ్సనునకు తంతివార్త పంపెను. దక్షిణాకాశమున ఫలానిచోట వెదకుమని కోరెను. పోగ్సను డిసెంబరు 2, 3 తేదీల వేకువను ఒక మసక తోకచుక్కను చూచెను. తరువాత మబ్బులు కమ్మెను. అది బీలా తోకచుక్క కాదని తరువాతి గణితము తేల్చినది. ఐనను పోగ్సను తాను చూచినది చూచినట్లు స్థానముతో సహా వ్రాసియుంచుటచేతనే అట్లు తేల్చుటకు వీలయ్యెను. ఆ శాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో వెలుగు మారు నక్షత్రమొకదానిని కనుగొని, 1874 నాటి శుక్రగ్రస్త సూర్యగ్రహణమును గూర్చి దేశభాషలలో సామాన్యులకు తెలియునట్లు పుస్తకము ప్రకటించెను. తెలిసికొన్నది జనులకు చెప్పుటయు విచారణలో భాగమేయని ఆయన యెఱుగును.

ఇంతవఱకు చెప్పినవి దేవుడు చేసిన వెలుగులు. ఇక మనుష్యుడు చేసినవి. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట దీవినుండి 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగిరెను; 1980 జూలై 18న మన దేశపు రాకెట్టే మన ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. 2002లో ఆ కేంద్రమునకు సతీశ్ ధావన్ పేరు పెట్టిరి. 2022 వఱకు నెల్లూరు జిల్లాలోనుండి, ఆ యేట తిరుపతి జిల్లాలో చేరిన ఆ దీవినుండి రాత్రివేళ పోవు రాకెట్లు మన తీరమంతటికిని కనబడును. 2022 అక్టోబరు 23న అర్ధరాత్రి దాటిన ఏడు నిమిషములకును, 2024 డిసెంబరు 30న రాత్రి 10 గంటలకును ఎగిరినవి ఇట్టివే. ముందు ఎఱ్ఱని వెలుగు నిలువుగా లేచి సముద్రమువైపు వంగును. ఒక అంచె ఊడి పడునప్పుడు వెలుగు ఆఱి మరల వెలుగును. వేకువజామునగాని మునిమాపునగాని ఎగిరినచో మఱొక వింత కలదు. నేలపై చీకటిగా నున్నను, వంద కిలోమీటర్ల పైన ఎండ తగులుచుండును. అచ్చట విడువబడిన పొగ ఆ యెండకు వెండిమబ్బువలె మెఱసి, రంగులు మాఱుచు, చాలసేపు నిలుచును. ఎఱుగనివారికి అది ఉత్పాతమే.

ఒడిశా తీరమున 2022 డిసెంబరు 15 సాయంకాలము అగ్ని-5 క్షిపణిని ప్రయోగించగా, వంగదేశమునందలి జనులు ఆకాశమున నడచు వెలుగును చూచి నానావిధముల తలచిరి. అంతకుమున్ను ఆ సంవత్సరమే, శుభకృత్ నామ సంవత్సరపు ఉగాదినాటి రాత్రి, అనగా ఏప్రిలు 2న, మహారాష్ట్రములో అనేకచోట్ల మంటల వరుస పోవుట జనులు చూచిరి. తెలంగాణమునకు సరిహద్దుననున్న చంద్రపురము జిల్లాలో లాడ్‌బోరి యను పల్లెలో సుమారు 3 మీటర్ల వ్యాసముగల లోహపు కడియము పడెను. గ్రామస్థులు అధికారులకు తెలిపిరి. అది 2021 ఫిబ్రవరిలో చీనా దేశము పంపిన రాకెట్టు శకలము కావచ్చునని ఖగోళజ్ఞులు కక్ష్యాగణితముచే సూచించిరి. ఆ పల్లెవారు నోరు మూసికొనియుండిన యెడల ఆకాశమున పోయిన వెలుగునకును, నేలపై పడిన లోహమునకును సంబంధము తెలిసియుండెడిది కాదు.

ఎదుటివాని భయముచేత కన్ను ఎట్లు మోసపోవునో మఱొక దృష్టాంతము. 2012, 2013 సంవత్సరములలో లడఖు సరిహద్దున కాపున్న మన సైనికులు కొన్ని నెలలు రాత్రులందు కదలు వెలుగులను చూచి, శత్రువుల విమానయంత్రము లని శంకించిరి. బెంగుళూరులోని భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థవారు విచారించి, అవి గురు శుక్ర గ్రహములని తేల్చిరి. పూర్వము మదరాసులోనుండిన నక్షత్రశాల సంతతియే ఈ సంస్థ. ధైర్యవంతులగు సైనికులు చూచినది నిజమే. పెట్టిన పేరే తప్పు. ఒక్క తప్పుపేరుచే సరిహద్దున తుపాకి ప్రేలియుండిన యెడల ఎంత కీడు కలిగియుండెడిదో తలచుకొనుడు. మన తీరమునను వేగుచుక్క సముద్రపు టంచున లేచునప్పుడు, దట్టపుగాలిలో ఎఱ్ఱగా పచ్చగా మినుకుమినుకుమని, ఓడదీపమువలెను, మనవైపు వచ్చుచున్న దానివలెను తోచును.

అమెరికా వైమానికదళమువారు 1947 మొదలు 1969 వఱకు 12,618 వార్తలను విచారించిరి. అందు 701 మాత్రమే తేలక మిగిలెను. తక్కినవి గ్రహములు, ఉల్కలు, విమానములు, గాలిబుంగలు మున్నగునవి. తేలని వానిని చూపి లోకాంతరవాసులు వచ్చిరని చెప్పువా రున్నారు. కాని తేలకపోవుట సాక్ష్యము కాదు; అది సాక్ష్యము చాలకపోవుట. రుజువు చాలని దావాలో న్యాయాధిపతి ఎవరికిని పొలము వ్రాసియివ్వడుగదా.

కావున పెద్దలారా, వార్త తెచ్చినవానిని ఎగతాళి చేయవలదు. "ఏమి చూచితివి?" అని అడుగుడు, "అది యేమి?" అని ముందుగా అడుగవలదు. ఎన్ని గంటలకు, ఏ దిక్కున తోచి ఏ దిక్కునకు పోయినదో అడుగుడు. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు ఆకాశమున సుమారు 10 భాగలు. అంచునుండి ఎన్ని పిడికిళ్ళ ఎత్తుననో చెప్పుమనుడు. ఎంతసేపు నిలిచినదో అడుగుడు. ఉల్క కొన్ని క్షణములలో ఆఱిపోవును. ఉపగ్రహము చుక్కవలె నిశ్శబ్దముగా పది పదునైదు విఘడియలు నడచి, భూమినీడలో చొచ్చి నడినింగిలోనే మాయమగును. 2019 మే నెలనుండి స్టార్‌లింక్ ఉపగ్రహములు పూసలదండవలె వరుసగా పోవుటయు కలదు. అరగడియ గడచినను చుక్కలతోపాటు మాత్రమే జరుగునది గ్రహము. ప్రక్క ఊరివాని మాటను వేఱుగా వ్రాసికొని పోల్చిచూడుడు. శ్రీహరికోట ప్రయోగముల తేదీలు ముందుగా ప్రకటింపబడును, వేటకు పోవువారికి హెచ్చరికలును అందును, వానిని సరిచూడుడు.

ప్రాణరక్షణకై రెండు మాటలు. గొప్ప మెఱపు కనబడినచో అద్దపు కిటికీలయొద్దకు పరుగెత్తవలదు. వెలుగు ముందు వచ్చును, దెబ్బ తరువాత వచ్చును. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్కు నగరముపై ఉల్క పగిలినప్పుడు సుమారు 1500 మంది గాయపడిరి; అందు పెక్కురు పగిలిన అద్దములచేతనే. ఆకాశమునుండి పడిన లోహమును తాకవలదు, పిల్లలను దగ్గఱకు పోనీయవలదు. తహశీలుదారునకో పోలీసులకో తెలుపుడు.

కాశీలోని కావలివాని మాటను ఒకడు వినెను గనుక ఒక శాస్త్రము పుట్టినది. మీ ఊరి కావలివాని మాటయు వినదగినదే. అన్ని విచారించిన పిదపను ఏమని తేలనిచో, "చూచినది నిజము, కారణము ఇంకను తెలియలేదు" అని చెప్పుటకు పెద్దలు సంకోచింపనక్కఱలేదు. ఆ మాటచే ఎవనికిని భయము కలుగదు. ఎవనికిని అవమానము కలుగదు.