తెలుగు సీమలు – మాటబంధం

తెలుగుమాట ఒక్కటే అయినా, చరిత్ర తెలుగునేలను పలు సీమలుగా విడదీసింది. 1766లో ఉత్తర సర్కారులు, 1800లో దత్తమండలాలు నిజాము నుండి ఆంగ్లేయుల పరమయ్యాయి. తెలంగాణ నిజాము ఏలుబడిలోనే మిగిలింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టా సస్యశ్యామలమైంది. దత్తమండలాలను మాత్రం కరవు వీడలేదు. 1928లో నంద్యాల సభలో ఆ నేలకు ‘రాయలసీమ’ అను పేరు స్థిరపడింది. సీమవాసుల సందేహాలను తీర్చుటకు 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని కావడానికి అదే ఆధారం. 1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది. 2014లో తిరిగి రెండు రాష్ట్రాలయ్యాయి.

ఈ విభజనలకు వెలుపల మిగిలిన తెలుగువారు కూడా ఉన్నారు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా సాగే రహదారికి పేరిచ్చిన హోసూరు తమిళనాట నిలిచింది. 2006 నాటి చట్టం అక్కడి బడులలో తమిళాన్ని తప్పనిసరి చేయగా, మాతృభాషలో చదువుకొనే హక్కుకై భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానాల తలుపు తట్టవలసి వచ్చింది.

1978లో కియోనిక్స్ సంస్థ నెలకొల్పిన ఎలక్ట్రానిక్ సిటీకి అన్ని సీమల తెలుగువారూ బ్రతుకుతెరువుకై వచ్చారు. ఇక్కడ తెలుగు రాజభాష కాదు. ఇంట్లో పలికి, బడిలో వ్రాసినంతకాలమే అది పిల్లలకు దక్కుతుంది. కోస్తా, సీమ, తెలంగాణ యాసలలో దేనినీ చిన్నచూపు చూడక, అన్నిటినీ సొంతమనుకోవడమే అందుకు తొలిమెట్టు.