పట్టణ నేరాలు, హింస – సామాజిక కారణాలు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పరిశీలన

1. పరిచయం

పట్టణ నేరం అనగానే మీకు ముంబయి, హైదరాబాద్ వంటి మహానగరాలు గుర్తుకు రావచ్చు. సమాజ శాస్త్రజ్ఞులు కూడా తమ సిద్ధాంతాలను ఎక్కువగా పెద్ద నగరాల ఆధారంగానే రూపొందించారు. అయితే మన రాష్ట్రంలో పట్టణ జీవితం మహానగరానికే పరిమితం కాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒకటి రెండు తరాల కాలంలోనే వేగంగా పెరిగిన పట్టణాలు. 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉంది. ఈ పట్టణాల్లో హింసకు గల సామాజిక కారణాలను, వాటి చారిత్రక నేపథ్యాన్ని ఈ భాగంలో తెలుసుకుంటారు.

2. సిద్ధాంతాలు ఏం చెబుతున్నాయి?

ఫ్రెంచి సమాజ శాస్త్రజ్ఞుడు ఎమిల్ డర్క్‌హైమ్ అభిప్రాయంలో, సమాజం వేగంగా మారేటప్పుడు పాత కట్టుబాట్లు సడలిపోతాయి, కొత్తవి ఇంకా స్థిరపడవు. ఈ స్థితిని ఆయన ప్రమాణ రాహిత్యం అన్నాడు. అమెరికాకు చెందిన రాబర్ట్ మెర్టన్ 1938లో ఈ భావనను విస్తరించాడు. సంపాదించాలనే లక్ష్యాన్ని సమాజం అందరి ముందూ ఉంచుతుంది, దాన్ని చేరుకునే న్యాయమైన మార్గాలు మాత్రం కొందరికే అందుతాయి. ఆ అంతరమే నేరానికి దారి తీస్తుందని ఆయన వివరించాడు. షికాగో నగరాన్ని పరిశీలించిన క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే ఇరుగుపొరుగు సంబంధాలు బలహీనపడిన పేటల్లో నేరాలు ఎక్కువని తేల్చారు.

ఈ వాదనలన్నింటిలో ఒక సామాన్యాంశం ఉంది. బంధాలు తెగితే నేరం పెరుగుతుందన్నదే అది. మన మూడు పట్టణాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందో ఇప్పుడు చూద్దాం.

3. చారిత్రక నేపథ్యం

నిజాం పాలనలో ఈ ప్రాంతం దేశ్‌ముఖ్‌ల ఆధిపత్యంలో ఉండేది. వెట్టిచాకిరీ, అక్రమ వసూళ్లు, గడీల్లో శిక్షలు నిత్యకృత్యాలు. అంటే హింస ఇక్కడికి పట్టణంతో పాటు వచ్చింది కాదు. అది అప్పటికే ఒక అధికార పద్ధతిగా ఉంది. కోదాడకు సమీపంలోని చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా ముఖ్య కేంద్రాలలో ఒకటి. ఆ పోరాటం వెట్టిని, గడీల పెత్తనాన్ని గట్టిగా దెబ్బతీసింది. కానీ కులాన్ని నిలబెట్టే వివాహ వ్యవస్థ చాలావరకు యథాతథంగా మిగిలిపోయింది.

రెండో మలుపు నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్‌బహదూర్ కాలువగా పిలిచే ఎడమ కాలువ కింద మెట్ట భూములు వరి పొలాలయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు వెలిశాయి. సూర్యాపేట, కోదాడలు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై వ్యాపార కేంద్రాలుగా ఎదిగాయి. పంట మీద వచ్చిన ఆదాయం మిల్లులకు, అక్కడి నుంచి ఫైనాన్స్ వ్యాపారానికి, ప్లాట్లకు మళ్లింది. భూమి ధర పెరిగిన చోట సరిహద్దు తగాదాలు, దొంగ రిజిస్ట్రేషన్లు, బెదిరింపులు కూడా పెరుగుతాయి. రాష్ట్ర సరిహద్దులో ఉన్న కోదాడ మీదుగా సాగే గంజాయి రవాణా ఇటువంటి మరో సమస్య. ఇటువంటి నేరాలను మెర్టన్ సిద్ధాంతంతో చాలావరకు వివరించవచ్చు.

4. ఒక ఉదాహరణ: మిర్యాలగూడ, 2018

అయితే ఈ సిద్ధాంతాలకు లొంగని హింస కూడా ఉంది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్యతో కలిసి ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా, పట్టపగలు నరికి చంపారు. ఆమె వ్యాపార కులానికి చెందిన యువతి. ఆ ఏడాది ఆరంభంలోనే వారు పెళ్లి చేసుకున్నారు. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, రియల్ ఎస్టేట్ వ్యాపారి అయిన ఆమె తండ్రి మధ్యవర్తుల ద్వారా కోటి రూపాయలకు ఈ హత్య ఒప్పందం కుదుర్చుకున్నాడు. చంపిన వ్యక్తి బీహార్ నుంచి వచ్చాడు. విచారణ పూర్తికాకముందే, 2020 మార్చిలో తండ్రి మరణించాడు. 2025 మార్చి 10న నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది.

ఈ ఘటనను మీరు జాగ్రత్తగా విశ్లేషించండి. ఇక్కడ బంధాలు తెగిపోలేదు. కులం, బంధువర్గం, పరువు అనే బంధాలు అతి గట్టిగా ఉన్నాయి. హత్యకు ప్రేరణ పాతది. సాధనాలు మాత్రం కొత్తవి: భూముల వ్యాపారంలో వచ్చిన డబ్బు, రాష్ట్రాల సరిహద్దులు దాటే కిరాయి హంతకుల వ్యవస్థ. పూర్వం గడీ తన మనుషులతో చేయించిన దండనను ఇప్పుడు డబ్బున్నవారు బజారులో కొనగలుగుతున్నారు.

పట్టణ స్వభావాన్ని కూడా గమనించాలి. మహానగరంలో ఒక జంట ఎవరికీ తెలియకుండా జీవించగలదు. చిన్న పట్టణంలో కులాలు కలిసి చదువుకునే కళాశాలలు ఉన్నాయి, కాబట్టి యువత ఒకరినొకరు ఇష్టపడే అవకాశం ఉంది. కానీ దాక్కునే అవకాశం లేదు. బజారులో నలుగురూ ఏమనుకుంటారన్న భయం కుటుంబాన్ని వెంటాడుతుంది. 2025 జనవరిలో సూర్యాపేట శివారులో కులాంతర వివాహం చేసుకున్న మరో దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. ఈ కేసులో భార్య తరఫు బంధువులను పోలీసులు అరెస్టు చేశారు.

5. అంబేద్కర్ విశ్లేషణ

కులానికి మూలం స్వకుల వివాహమేనని అంబేద్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో వివరించారు. స్వకుల వివాహాన్ని కాపాడాలంటే స్త్రీని అదుపులో ఉంచడం తప్పనిసరి అవుతుంది. 1936 నాటి 'కుల నిర్మూలన'లో కులాంతర వివాహమే అసలైన మందు అని ఆయన ప్రతిపాదించారు. దీన్నిబట్టి, కన్నకూతురి ఇష్టాన్ని నేరంగా చూసే కుటుంబం కాపాడుతున్నది ప్రేమను కాదనీ, కులపు హద్దునూ ఆస్తి వెళ్లే దారినీ అనీ మీకు అర్థమవుతుంది.

6. చట్టం, దాని పరిమితులు

1954 ప్రత్యేక వివాహ చట్టం కులమతాలతో నిమిత్తం లేకుండా పెళ్లి చేసుకునే హక్కును ఇచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇటువంటి జంటలకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగాలు, రక్షణ గృహాలు ఏర్పాటు చేయాలని సూచించింది. మిర్యాలగూడ హత్య ఆ తీర్పు వెలువడిన ఆరు నెలలలోపే జరిగింది. శిక్ష పడడానికి ఆరున్నరేళ్లు పట్టింది. శిక్ష అవసరమే. కానీ అది హత్య జరిగిన తరువాత వచ్చేది. బెదిరింపు మొదలైన రోజునే రక్షణ అందడం ముఖ్యం.

7. సారాంశం

పేదరికం, నిరుద్యోగం, వలస వంటివి పట్టణ నేరాలకు కారణాలే. కానీ అవి మాత్రమే కారణాలనుకుంటే నేరస్థుడు ఎప్పుడూ పేదవాడేనన్న పొరపాటు అభిప్రాయం కలుగుతుంది. ఈ పట్టణాల అనుభవం ప్రకారం, సంపద వేగంగా పెరిగి సామాజిక సంబంధాలు మారకపోయినప్పుడు కూడా హింస పుడుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ప్రమాణ రాహిత్యం అంటే ఏమిటి? మీ పట్టణం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ పరిసరాల ఆర్థిక జీవితాన్ని ఎలా మార్చింది?
3. 'బంధాలు సడలితేనే నేరం పెరుగుతుంది' అనే వాదనను 2018 నాటి ఘటన ఆధారంగా చర్చించండి.