మా క్యాంపుకు ముందు ఈ నేల

"మీ ఊరి చరిత్ర రాయండి" అని మా సోషల్ మేడమ్ చెప్పినప్పుడు నాకు ఏం రాయాలో తోచలేదు. మా ఊళ్లో కోట లేదు, శాసనం లేదు, పాత గుడి కూడా లేదు. మా ఊరి పేరు చివర ఊరు అని గానీ పురం అని గానీ ఉండదు, క్యాంపు అని ఉంటుంది. రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఇలాంటి తెలుగు క్యాంపులు చాలా ఉన్నాయి. మొదట వచ్చినవాళ్లు పొలాల పక్కనే గుడిసెలు వేసుకుని ఉన్నారు కాబట్టి క్యాంపు అన్న పేరు వచ్చిందని మా తాతయ్య చెబుతారు. అందుకని తాతయ్యనే అడిగాను, "మనం ఇక్కడికి ఎందుకొచ్చాం?" అని.

"పొలం కోసమే అమ్మాయ్, ఇంకెందుకు?" అన్నారు.

మాది పశ్చిమ గోదావరి జిల్లా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అక్కడ కాలువల కింద వరి బాగా పండింది. పంటతో పాటు పొలం ధర కూడా పెరిగింది. అన్నదమ్ములు పంచుకున్న కొద్దీ వాటాలు చిన్నవయ్యాయి. మా ముత్తాత వాటాకు వచ్చింది ఎకరంన్నర. నలుగురు పిల్లలు. పక్కన అర ఎకరం కొందామన్నా డబ్బు చాలేది కాదు.

ఆ రోజుల్లోనే హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ వచ్చింది. హైదరాబాద్ సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి 1945లో పని మొదలుపెట్టాయి. 1953లో కాలువలకు నీళ్లు వదిలారు. 227 కిలోమీటర్ల పొడవున్న ఎడమ కాలువ మా వైపు వస్తుంది. 1956 నవంబర్ 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. మా ముత్తాత వచ్చింది ఆ తర్వాతి ఏడాది. అక్కడ ఎకరంన్నర అమ్మిన డబ్బుతో ఇక్కడ తొమ్మిది ఎకరాలు కొన్నారు.

ఇంత చౌకగా ఎలా వచ్చిందని అడిగాను. తాతయ్య చెప్పింది ఇది. అప్పటికి ఇక్కడంతా నల్లరేగడి. వాన పడితే జొన్న, పత్తి. పడకపోతే అప్పు. కాలువ వస్తుందని అందరూ అనేవాళ్లు గానీ తమ పొలందాకా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వచ్చినా నేల చదును చేయాలి, గట్లు వేయాలి, బోదెలు తవ్వాలి. దానికి డబ్బు కావాలి, వరి పని తెలిసుండాలి. మావాళ్లకు ఆకుమడి, దమ్ము, ఊడ్పులు చిన్నప్పటినుంచీ తెలుసు. రెండేళ్లపాటు ఎడ్లకు బల్ల కట్టి మట్టి లాగారట. తాతయ్యకు అప్పుడు ఎనిమిదేళ్లు. తేళ్ల భయానికి రాత్రిళ్లు బండి మీదే పడుకునేవాళ్లమని చెప్పారు.

ఇనప్పెట్టెలోంచి అప్పటి పొలం పత్రం తీసి చూపించారు. అది కన్నడంలో ఉంది. అమ్మినాయన వేలిముద్ర వేశారు, కొన్న మా ముత్తాత తెలుగులో సంతకం పెట్టారు. ఆయనకు చదువు రాదు, మా ముత్తాతకు కన్నడం రాదు. అంటే ఆ కాగితం ఇద్దరిలో ఎవరూ చదవలేదన్నమాట!

మేం ఎప్పుడూ ఈ కథను మా కష్టంగానే చెప్పుకుంటాం. కష్టం నిజమే. కానీ ఆ వేలిముద్ర చూశాక అమ్మినవాళ్లు ఏమయ్యారో తెలుసుకోవాలనిపించింది. వాళ్ల అబ్బాయి పక్కనే పాత ఊళ్లో ఉన్నారు. మేమంతా అజ్జ అని పిలుస్తాం. తాతయ్య కంటే రెండేళ్లు పెద్ద. ఆదివారం తాతయ్యతో కలిసి వెళ్లాను.

అజ్జ కన్నడం కలిపిన తెలుగులో చెప్పారు. "రెండేళ్లు వాన లేదమ్మా. అక్క పెళ్లి అప్పు ఉండె. మా అప్ప అమ్మింది ఎండ పొలం. మూడేళ్లకు అదే పొలంలో నీళ్లు నిలబడి ఉండె. అప్ప ఆ గట్టు మీదికి మళ్లీ రాలే." కొన్నాళ్లు అజ్జ మా పొలంలోనే కూలికి వచ్చారట. ఊడ్పులు అక్కడే నేర్చుకుని, మిగిలిన మూడెకరాల్లో తర్వాత తనే వరి వేశారు. ఆయన కోపంగా చెప్పలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ కాలువను ఎక్కువగా జొన్న, పత్తి లాంటి తక్కువ నీటి పంటల కోసం అనుకున్నారు. పైన ఉన్న మేమంతా వరి వేశాం. అందువల్ల చివర ఉన్న మాన్వి, రాయచూరు వైపు రైతులకు నీళ్లు సరిగా అందవు. నీళ్లు ఎక్కువై మా దగ్గర కొన్ని పొలాలు చౌడుబారాయి కూడా. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు తాతయ్య, అజ్జ ఒకే టీవీ ముందు కూర్చుని రాత్రి వరకూ లేవలేదు. ఆ భయంలో క్యాంపు, పాత ఊరు అన్న తేడా ఏమీ లేదు.

వచ్చేముందు అజ్జను అడిగాను, "మా పొలానికి అప్పట్లో పేరేమైనా ఉండేదా?" అని.

"హుణసే మరద హొల" అన్నారు. చింతచెట్టు పొలం.

మా పొలంలో చింతచెట్టు లేదు. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "చదును చేసేప్పుడు మా నాన్నే కొట్టించాడమ్మా. ఎడ్లు తిరగడానికి అడ్డమని" అన్నారు.

మా ఊరి చరిత్ర 1957లో మొదలైందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అంతకుముందే ఈ నేలకు పేరుంది, దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు ఉన్నారు. మా నోటుబుక్కులో మొదటి పేజీలో ఆ పేరు రాసుకున్నాను, కన్నడంలోనూ, తెలుగులోనూ. ఈ వానాకాలం గట్టు మీద ఒక చింతమొక్క నాటదామని తాతయ్య అన్నారు. అజ్జను కూడా పిలుస్తాం.