చుక్క నుండి జబర్, జేర్‌ల దాకా

దివ్య ఖుర్ఆన్ తొలి ప్రతులలో జబర్, జేర్, పేష్‌లు లేవు. బే, తే, సే వంటి ఒకే రూపం గల అక్షరాలను వేరుచేసే చుక్కలు కూడా అరుదే. అయితే ఆ చుక్కలు అరబ్బులకు తెలియనివి కావు. హిజ్రీ 22 (క్రీ.శ. 643) నాటి పపైరస్ పత్రమొకదానిలో కొన్ని అక్షరాలపై అవి కనిపిస్తాయి. ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసినవారికి ఇది కొరతగా తోచలేదు. అరబ్బేతరులు ఇస్లాంలో ప్రవేశించిన కొద్దీ చిక్కు పెరిగింది. అరబీలో పదాంతాన ఒక్క స్వరం మారితే కర్త కర్మ కావచ్చు. వాక్యార్థమే తలక్రిందులు కావచ్చు.

దీనికి మొదట మార్గం చూపినవారు బస్రా పండితులు అబుల్ అస్వద్ దువలీ (మరణం క్రీ.శ. 688) అని సంప్రదాయ కథనం. తాను పారాయణం చేస్తుండగా నోటి కదలికను గమనించి చుక్కలు పెట్టమని ఆయన లేఖకుణ్ణి ఆదేశించారు. నోరు తెరిస్తే అక్షరంపైన, పెదవులు ముడిస్తే ప్రక్కన, స్వరం దిగితే క్రింద. ఆ చుక్కలకు వేరే రంగు సిరా వాడారు. ఏది మూలమో, ఏది సూచనో చూడగానే తెలిసేది.

కాని అక్షరాలను వేరుచేసే చుక్కల వాడకమూ పెరిగేసరికి ఒకే గుర్తుకు రెండు పనులు పడ్డాయి. రెండింటికీ రంగులోనే తేడా. క్రీ.శ. 8వ శతాబ్దంలో ఖలీల్ బిన్ అహ్మద్ ఈ చిక్కు విప్పారు. పేష్‌కు చిన్న వావ్, జబర్‌కు వాల్చిన చిన్న అలిఫ్, తష్దీద్‌కు ‘షదీద్’ అనే పదంలోని షీన్ తల. గుర్తే తన ధ్వనిని చెప్పసాగింది. ఒకే సిరా చాలింది.

అయినా ముస్‌హఫ్‌లలో ఈ పద్ధతి వెంటనే అంతటా చెల్లలేదు. అందలూసియా పండితులు అబూ అమ్ర్ దానీ (మరణం క్రీ.శ. 1053) ఖలీల్ గుర్తులను కవిత్వానికి తగినవిగా ఎంచి, ముస్‌హఫ్‌లో రంగు చుక్కలనే కోరారు: స్వరాలకు ఎరుపు, హంజాకు పసుపు. నల్ల సిరాతో గుర్తులు పెట్టడం ఆయనకు సమ్మతం కాదు. ఇది మొండిపట్టు కాదు. మానవుడు చేర్చిన సూచన దైవవాక్కులో కలిసిపోరాదన్న జాగ్రత్త అది.

చివరకు ఖలీల్ గుర్తులే నిలిచాయి. అయితే అవి అక్షరాల వరుసలో చేరలేదు. చిన్నవిగా, దానికి పైనా క్రిందా ఉండిపోయాయి. ఆ విధంగా దానీ కోరిన ఎడమూ దక్కింది. నేడు తెలుగునాట మక్తబ్‌లో కాయిదా పట్టిన పసివాడు జబర్, జేర్ అంటూ కూడబలుక్కునేది ఆ గుర్తులనే. గుర్తు పొట్టిగా ఉండాలి, మరొకదానిగా భ్రమ కలిగించరాదు, మూలవాక్యం స్థానాన్ని ఆక్రమించరాదు. ఈ మూడింటినీ సాధించడానికి పండితులకు కొన్ని శతాబ్దాలు పట్టింది.